ఏప్రిల్‌లో తెరిచే బడి: జపాన్ వెళ్ళిన మన పిల్లల ఆరోగ్యం



ఒకప్పుడు మన సంఘాలలోని యువకులు ఉద్యోగం కోసం హైదరాబాదు, మద్రాసు వెళ్ళేవారు. తరువాత గల్ఫ్ దేశాలకు, అమెరికాకు వెళ్ళారు. ఇప్పుడు జపాన్ వెళ్తున్న వారు కూడా ఉన్నారు. 2000 సంవత్సరం రాకముందు కంప్యూటర్లలో తేదీల సమస్యను సరిచేసే పని మీద మన దేశపు ఇంజనీర్లు ఎందరో టోక్యో చేరారు. ఆ నగరంలో ఎదొగావా వార్డులోని నిషికసాయ్ అనే పేట అప్పటి నుండి భారతీయ కుటుంబాలకు పేరుపొందింది. 2024 చివరికి జపాన్‌లో నివసించే భారతీయుల సంఖ్య 50 వేలు దాటింది.

ఉద్యోగం వచ్చినవాడు వెళ్తాడు. కొన్ని నెలలకు భార్య, పిల్లలు వెళ్తారు. విమానాశ్రయంలో ప్రార్థన చేసి పంపుతాము. జీతం ఎంత, ఇల్లు ఎక్కడ అని అందరం అడుగుతాము. పిల్ల బడి ఎలా ఉంటుంది, తల్లి పగలంతా ఎవరితో మాట్లాడుతుంది అని అడిగేవారు తక్కువ. అందుకే ఈ నెల పాఠం వారి గురించి. వెళ్ళబోయే తల్లిదండ్రులు, ఇక్కడే ఉండి ఫోన్ కోసం ఎదురుచూసే తాతయ్యలు, అమ్మమ్మలు, నాన్నమ్మలు కలిసి చదవండి. చదివే ముందు మత్తయి సువార్త 2వ అధ్యాయం ఇంట్లో ఒకసారి చదువుకోండి.

ఈ పాఠం చెప్పే మాట ఒక్కటే. కొత్త దేశంలో కొత్త తరగతికి వెళ్ళే పిల్ల తన భయాన్ని నోటితో చెప్పదు, ఒంటితో చెబుతుంది. ఆ మాట వినడం పెద్దవాళ్ళ బాధ్యత.

1. పరదేశవాసం మనకు కొత్త కాదు

యోసేపు, మరియ పసిబిడ్డను తీసుకొని రాత్రివేళ ఐగుప్తుకు వెళ్ళారు. మన ప్రభువు పసితనంలో కొంతకాలం పరదేశంలో గడిపాడు. మోషే మిద్యానులో ఉన్నప్పుడు తన పరదేశవాసాన్ని గుర్తుచేసే పేరే కొడుకుకు పెట్టాడు. బబులోనుకు చెరగా వెళ్ళినవారికి యిర్మీయా ప్రవక్త ఉత్తరం వ్రాసి, అక్కడ ఇళ్ళు కట్టుకోమని, తోటలు నాటుకోమని, ఆ పట్టణపు క్షేమం కోసం ప్రార్థించమని చెప్పాడు.

మిషన్ ఆస్పత్రుల చరిత్రలో కూడా ఈ కథ ఉంది. జేమ్స్ హెప్‌బర్న్ అనే అమెరికా మిషనరీ డాక్టరు 1859లో భార్యతో కలిసి జపాన్ చేరాడు. అక్కడ రోగులకు వైద్యం చేశాడు. 1867లో జపనీస్-ఇంగ్లీషు నిఘంటువు ప్రచురించాడు. ఆ దంపతులు చాలామంది బిడ్డలను పసితనంలోనే పోగొట్టుకున్నారు. మిగిలిన ఒక్క కొడుకును చదువు కోసం అమెరికాలోనే వదిలి ఓడ ఎక్కారు. మన దేశానికి వచ్చిన మిషనరీలకు కూడా ఇదే బాధ. వారి పిల్లల కోసమే 1901లో కొడైకెనాల్‌లో ఒక బడి మొదలైంది. ఆనాడు ఆ పిల్లలు మన మధ్య పరదేశులు. ఈనాడు మన పిల్లలు ఇతరుల మధ్య పరదేశులు.

2. రెండు దేశాలు, రెండు క్యాలెండర్లు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణలలో రాష్ట్ర బడులు సాధారణంగా జూన్ 12 ప్రాంతంలో తెరుస్తారు. జపాన్‌లో విద్యా సంవత్సరం ఏప్రిల్‌లో మొదలై మార్చిలో ముగుస్తుంది. చాలా బడులలో మూడు టర్ములు ఉంటాయి. జూలై చివర నుండి ఆగస్టు చివర వరకు వేసవి సెలవులు. ఇక్కడ మన పిల్లలు పరీక్షలు రాసే రోజులలో అక్కడ కొత్త తరగతి మొదలవుతుంది. మార్చిలో హడావుడిగా వెళ్ళిన పిల్లకు ఊపిరి తీసుకునే సమయం కూడా ఉండదు.

అక్కడ తరగతిని వయసు చూసి నిర్ణయిస్తారు. ఒక ఏప్రిల్ 2 నుండి మరుసటి ఏప్రిల్ 1 వరకు పుట్టిన పిల్లలందరూ ఒకే తరగతిలో ఉంటారు. ఆరేళ్ళు నిండాకే ఒకటవ తరగతి. మన దగ్గర చాలామంది అయిదేళ్ళకే ఒకటవ తరగతిలో చేరతారు. కాబట్టి ఇక్కడ రెండవ తరగతి పూర్తి చేసిన ఏడేళ్ళ పిల్ల అక్కడ మళ్ళీ రెండవ తరగతిలో కూర్చోవచ్చు. బంధువులు ఫోన్‌లో, “ఏం, పిల్లని ఒక క్లాసు దించేశారా?” అని అడగవద్దు. ఆ మాట పిల్ల చెవిన పడితే తాను తప్పిపోయానని అనుకుంటుంది.

విదేశీ పిల్లలను బడికి పంపాలన్న నిర్బంధం అక్కడి చట్టంలో లేదు. పంపదలిస్తే ప్రభుత్వ ప్రాథమిక, మాధ్యమిక బడులలో ఫీజు లేదు, పాఠ్యపుస్తకాలు ఉచితం. ఇంట్లో దిగిన 14 రోజులలోపు వార్డు లేదా పట్టణ కార్యాలయంలో చిరునామా నమోదు చేయించాలి. అదే సమయంలో పిల్లను బడిలో చేర్చాలని అడగాలి. ఇంగ్లీషులో చెప్పే భారతీయ బడులు టోక్యోలో ఉన్నాయి గాని వాటికి ఫీజు కట్టాలి.

3. ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం

ఈ పాఠం కోసం ఒక ఇంటిని మనసులో పెట్టుకుందాం. పేర్లు అవసరం లేదు. ఇటువంటి ఇల్లు మీ వీధిలోనే ఉండవచ్చు.

తండ్రి జనవరిలో టోక్యో వెళ్ళాడు. మార్చి చివర తల్లి, ఏడేళ్ళ కూతురు, రెండేళ్ళ కొడుకు వెళ్ళారు. పది రోజులలో బడి తెరిచారు. దారి పొడుగునా చెర్రీ పూలు పూశాయి. ‘రాన్‌దోసెరు’ అనే గట్టి సంచి వీపున తగిలించుకొని పిల్ల ఫోటో దిగింది. గుంటూరులో అమ్మమ్మ ఆ ఫోటోను సండే స్కూలులో అందరికీ చూపించింది.

మూడవ వారంలో పిల్ల పొద్దున్నే, “అమ్మా, కడుపు నొప్పి” అన్నది. మొదటి రోజు తల్లి ఇంట్లో ఉంచింది. మరుసటి రోజు మళ్ళీ నొప్పి. ఆదివారం మాత్రం లేదు. సోమవారం మళ్ళీ వచ్చింది. తండ్రి బూట్లు వేసుకుంటూ, “అందరు పిల్లలూ వెళ్తుంటే నీకొక్కదానికే నొప్పా? నాటకాలు చాలు” అన్నాడు. పిల్ల ఏడవలేదు. సంచి తగిలించుకొని వెళ్ళిపోయింది. సాయంత్రం వీడియోలో అమ్మమ్మ, “ఆముదం తాగించవే, అదే పోతుంది” అన్నది.

ముగ్గురికీ పిల్ల మీద ప్రేమ ఉంది. అయినా నొప్పి ఎందుకు వస్తోందో ఆ ముగ్గురిలో ఒక్కరూ పిల్లను అడగలేదు.

4. ఆ బడిలో పిల్ల ఏం చూస్తుంది?

తల్లిదండ్రులకు బడి లోపల ఏం జరుగుతుందో తెలిస్తే పిల్ల భయం సగం అర్థమవుతుంది.

గుమ్మం దగ్గర బయటి చెప్పులు విడిచి ‘ఉవాబాకి’ అనే లోపలి బూట్లు వేసుకోవాలి. పిల్లలు ఇంటి నుండి నడిచి వెళ్తారు. చాలా చోట్ల పెద్ద తరగతి పిల్లలు చిన్నవారిని వెంటబెట్టుకొని వరుసలో తీసుకువెళ్తారు. మధ్యాహ్న భోజనాన్ని ‘క్యూషోకు’ అంటారు. పిల్లలే తెల్ల కోటు, టోపీ పెట్టుకొని వడ్డిస్తారు. పంది మాంసం, చేప, సముద్రపు నాచు ఉండవచ్చు. భోజనంతో పాటు సాధారణంగా 200 మిల్లీలీటర్ల పాలు ఇస్తారు. తరువాత పిల్లలే గది ఊడ్చి తుడుస్తారు. ఇది శిక్ష కాదు, చదువులో భాగమే. ఇంటి దగ్గర ముందే చెప్పకపోతే, “నా చేత పని చేయిస్తున్నారు” అని పిల్ల చిన్నబుచ్చుకోవచ్చు.

భూకంపం వస్తే ఏం చేయాలో అలవాటు చేయించడానికి గంట మోగించి పిల్లలందరినీ బల్లల కింద దూరమంటారు. మొదటిసారి చూసిన పిల్ల నిజంగానే భూకంపం వచ్చిందని హడలిపోతుంది. ఇంట్లో బల్ల కింద దూరే ఆట ఒకసారి ఆడించండి.

ఉపాధ్యాయుడికి, ఇంటికి మధ్య ‘రెన్‌రాకుచో’ అనే చిన్న పుస్తకం తిరుగుతుంది. పిల్లకు బాగాలేకపోతే అందులో వ్రాయాలి. ప్రతి బడిలో ‘హోకెన్‌షిత్సు’ అనే ఆరోగ్య గది ఉంటుంది. అక్కడ ఆరోగ్యం చూసే ఉపాధ్యాయురాలు ఉంటుంది. దెబ్బ తగిలినా, కడుపు నొప్పి వచ్చినా, ఏడుపు వచ్చినా పిల్ల ఆ గదికి వెళ్ళవచ్చు. మొదటి వారంలోనే తల్లి ఆ గదిని పిల్లకు చూపించాలి.

5. బయలుదేరే ముందు చేయవలసినవి

(అ) టీకాల కార్డు. పసితనం నుండి వేయించిన టీకాల వివరాలు తేదీలతో సహా ఇంగ్లీషులో వ్రాయించి డాక్టరు సంతకం, ముద్ర తీసుకోండి. మన దేశంలో తట్టు-రుబెల్లా టీకా 9 నుండి 12 నెలల మధ్య ఒకసారి, 16 నుండి 24 నెలల మధ్య ఒకసారి వేస్తారు. జపాన్‌లో ఏడాది వయసులో ఒకసారి, బడిలో చేరే ముందు సంవత్సరం మరొకసారి వేస్తారు. అక్కడి డాక్టరు ఇంకొక మోతాదు వేయించమంటే కంగారు పడవద్దు.

(ఆ) బి.సి.జి. మచ్చ, క్షయ ప్రశ్నలు. మన పిల్లలకు ఎడమ భుజం మీద ఒకే మచ్చ ఉంటుంది. జపాన్‌లో సూదుల ముద్రతో వేస్తారు కాబట్టి 18 చిన్న చుక్కలు పడతాయి. అందువల్ల మన పిల్ల మచ్చను వారు గుర్తించకపోవచ్చు. కార్డు చూపించాలి. గత 3 సంవత్సరాలలో క్షయ ఎక్కువగా ఉన్న దేశంలో 6 నెలలకు పైగా ఉన్నారా అని బడి కాగితంలో అడుగుతారు. దాచకుండా నిజం వ్రాయండి. అవసరమైతే ఎక్స్-రే తీయమంటారు. అది అవమానం కాదు, మన పిల్లకూ పక్క పిల్లకూ రక్షణ.

(ఇ) మందులు. డాక్టరు వ్రాసిన మందులు సొంత వాడకానికి నెల రోజులకు సరిపడా తీసుకువెళ్ళవచ్చు. అంతకంటే ఎక్కువైతే ముందుగా అనుమతి పత్రం తెచ్చుకోవాలి. సూడోఎఫెడ్రిన్ ఎక్కువ పాళ్ళలో ఉన్న జలుబు మందులు, ఏకాగ్రత లోపానికి వాడే కొన్ని మందులు అక్కడ నిషేధం. సంచి సర్దే ముందు మందుల చీటీ డాక్టరుకు చూపించండి.

(ఈ) కళ్ళు, పళ్ళు, చెవులు. జపాన్ బడులలో ఏటా జూన్ 30లోగా ఎత్తు, బరువు, చూపు, పళ్ళు, మూత్రం వంటివి పరీక్షిస్తారు. ఇక్కడే ఒకసారి చూపించుకొని వెళ్తే మంచిది. సరిగా వినపడని పిల్లను భాష రాని పిల్ల అని పొరబడే ప్రమాదం ఉంది.

(ఉ) జ్వరం లెక్క. అక్కడి థర్మామీటరులో సెల్సియస్ అంకెలు ఉంటాయి. 37.5 అంటే మన 99.5, 38 అంటే 100.4. జ్వరం ఉన్న పిల్లను బడికి పంపవద్దు. ఇన్‌ఫ్లూయెంజా వస్తే, లక్షణాలు మొదలైన తరువాత 5 రోజులు, జ్వరం తగ్గిన తరువాత 2 రోజులు గడిచే వరకు బడికి రానివ్వరు. దానిని గైర్హాజరుగా లెక్కించరు. మన దగ్గర నూటికి నూరు హాజరు బహుమతి కోసం జ్వరంతో పంపే అలవాటు ఉంది. అది అక్కడ పనికిరాదు, ఇక్కడ కూడా పనికిరాదు.

(ఊ) అత్యవసర సహాయం. అంబులెన్సుకు 119. రాత్రివేళ పిల్ల జబ్బు గురించి సలహాకు #8000. సెలవులకు ఇండియా వచ్చి వెళ్ళాక జ్వరం వస్తే, “ఇండియా నుండి వచ్చాము” అని డాక్టరుకు మొదటి మాటగా చెప్పండి. మలేరియా, టైఫాయిడ్, డెంగీ అక్కడి డాక్టరుకు వెంటనే తట్టకపోవచ్చు.

6. కడుపు నొప్పి ఏం చెబుతోంది?

మళ్ళీ మన పిల్ల దగ్గరకు వద్దాం. నాలుగవ వారంలో తల్లి ఆమెను పిల్లల డాక్టరు దగ్గరకు తీసుకువెళ్ళింది. డాక్టరు కడుపు నొక్కి చూసి, కొంచెం ఇంగ్లీషులో, కొంచెం సైగలతో ఒక ప్రశ్న అడిగాడు. “బడిలో టాయిలెట్‌కు వెళ్తున్నావా?” తల్లి తెలుగులో చెప్పింది. పిల్ల తల అడ్డంగా ఊపింది.

బడి టాయిలెట్‌లో నీళ్ళ పంపు, మగ్గు లేవు. కాగితమే ఉంది. దానితో ఎలా శుభ్రం చేసుకోవాలో పిల్లకు ఎవరూ చెప్పలేదు. వెళ్తానని ఎలా అడగాలో కూడా తెలియదు. అందుకని ఉదయం ఏడున్నర నుండి మధ్యాహ్నం మూడున్నర వరకు ఆపుకుంటున్నది. నీళ్ళు తాగితే వెళ్ళవలసి వస్తుందని సీసాలో నీళ్ళు అలాగే ఇంటికి తెస్తున్నది. మలబద్ధకం వచ్చింది. దానితో నొప్పి, నొప్పితో భయం, భయంతో మళ్ళీ నొప్పి.

ఇది నాటకం కాదు. భయం వలన వచ్చే నొప్పి కూడా నిజమైన నొప్పే. మెదడుకూ పేగులకూ నరాల ద్వారా సంబంధం ఉంది. పరీక్ష రోజున పెద్దవాళ్ళకు కూడా కడుపులో తిప్పుతుంది కదా!

ఇంట్లో ఇలా చేయండి:

- ఉదయం ఫలహారం తిన్న తరువాత 5 నుండి 10 నిమిషాలు తొందరపెట్టకుండా టాయిలెట్‌లో కూర్చోబెట్టండి. దాని కోసం అరగంట ముందు లేపండి.
- కాగితం వాడడం ఇంట్లోనే నేర్పండి. సంచిలో తడి టిష్యూల చిన్న ప్యాకెట్టు పెట్టండి. అవి టాయిలెట్‌లో వేసి నీళ్ళు వదలగలిగే రకమా కాదా అని చూసుకోండి.
- నీళ్ళు, పండ్లు, కూరగాయలు పెట్టండి. బలవంతంగా ఆముదం పట్టించవద్దు. మందు అవసరమైతే డాక్టరు ఇస్తారు.
- మధ్యాహ్నం భోజనం తరువాత మాత్రమే నొప్పి, కడుపు ఉబ్బరం, విరేచనం ఉంటే పాలు పడడం లేదేమో గమనించి ఉపాధ్యాయుడికి, డాక్టరుకు చెప్పండి.
- నాలుగు మాటలు పాటలాగా నేర్పండి. “తొయిరె ని ఇత్తె మో ఈ దెస్ క” అంటే టాయిలెట్‌కు వెళ్ళవచ్చా. “ఒనకా గ ఇతాయ్ దెస్” అంటే కడుపు నొప్పిగా ఉంది. “వకరిమసెన్” అంటే అర్థం కాలేదు. “తెత్సుదత్తె కుదసాయ్” అంటే సహాయం చేయండి.

ఈ క్రింది లక్షణాలలో ఏ ఒక్కటి ఉన్నా ఆలస్యం చేయకుండా డాక్టరుకు చూపించాలి: నొప్పితో రాత్రి నిద్ర లేవడం, నొప్పి కుడివైపు కిందికి దిగడం, జ్వరం, ఆగని వాంతులు, పచ్చని వాంతి, మలంలో రక్తం, బరువు తగ్గడం, కళ్ళు పచ్చబడడం. మూత్రం ఆపుకునే ఆడపిల్లలకు మూత్రంలో మంట, జ్వరం వస్తే ఇన్‌ఫెక్షన్ అయి ఉండవచ్చు.

మన పిల్లకు నొప్పి ఒక్క రోజులో పోలేదు. తల్లి రెన్‌రాకుచోలో నాలుగు వాక్యాలు వ్రాయించింది. ఉపాధ్యాయురాలు ఒక ఎర్ర కార్డు చేసి పిల్ల బల్ల మీద పెట్టింది. మాట రాకపోతే కార్డు చూపించి వెళ్ళవచ్చు. తండ్రి ఒక ఉదయం పని ఆలస్యంగా మొదలుపెడతానని చెప్పి పిల్లతో బడి గేటు దాకా నడిచాడు. దారిలో, “ఆ రోజు అలా అనకూడదమ్మా, నాన్నదే తప్పు” అన్నాడు. మూడు వారాలకు నీళ్ళ సీసా ఖాళీగా ఇంటికి వచ్చింది.

7. మాట్లాడని నెలలు

కొత్త భాష మధ్యలో పడిన పిల్ల కొన్ని వారాలు, ఒక్కొక్కసారి కొన్ని నెలలు బడిలో మాట్లాడకపోవచ్చు. ఆ మౌనంలో ఆమె వింటున్నది, నేర్చుకుంటున్నది. ఆటలో, మాటలో కలవడానికి ఒకటి రెండు సంవత్సరాలు పడుతుంది. పాఠం చదివి అర్థం చేసుకునే భాష రావడానికి అయిదు నుండి ఏడు సంవత్సరాలు పడుతుంది. కనుక మొదటి సంవత్సరం మార్కులు చూసి పిల్ల తెలివిని కొలవవద్దు. భాష రాని పిల్లలకు బడిలోనే విడిగా జపనీస్ నేర్పే ఏర్పాటుకు అక్కడి ప్రభుత్వం 2014 నుండి వీలు కల్పించింది. మీ బడిలో ఉందా అని అడగండి.

ఇంట్లో తెలుగు మానవద్దు. జపనీస్ త్వరగా రావాలని తల్లి తనకే సరిగా రాని భాషలో బిడ్డతో మాట్లాడితే, బిడ్డ మనసు విప్పే తలుపు మూసుకుంటుంది. కథ, ప్రార్థన, జోల, కోపం అన్నీ తెలుగులోనే ఉండనివ్వండి. ఇంట్లో కూడా మాట్లాడడం తగ్గిపోయినా, ఆడుకోవడం మానేసినా, నిద్ర, తిండి తగ్గినా అది భాష సమస్య కాదు. అప్పుడు డాక్టరు సలహా కావాలి.

8. మే నెల అలసట

ఏప్రిల్ 29, మే 5 మధ్య జపాన్‌లో అనేక సెలవులు వస్తాయి. మే 5 పిల్లల పండుగ. ఇళ్ళ ముందు గుడ్డతో చేసిన రంగు చేపలను ఎగరేస్తారు. సెలవులు అయ్యాక చాలామందికి నీరసం, దిగులు పట్టుకుంటాయి. దానికి ‘గొగాత్సుబ్యో’ అంటే ‘మే నెల జబ్బు’ అని పేరే ఉంది. ఏప్రిల్ అంతా బిగబట్టి ఉన్న పిల్ల మేలో కుంగవచ్చు. వేసవి సెలవుల తరువాత సెప్టెంబరులో కూడా ఇలా జరగవచ్చు. ఆ వారాలలో పిల్లను ఎక్కువగా గమనించండి. రాత్రి త్వరగా పడుకోబెట్టండి.

బడికి వెళ్ళలేకపోవడం విదేశీ పిల్లలకు మాత్రమే ఉన్న కష్టం కాదు. 2023 విద్యా సంవత్సరంలో 30 రోజులకు పైగా బడికి దూరమైన జపాన్ ప్రాథమిక, మాధ్యమిక పిల్లలు 3 లక్షల 46 వేలకు పైగా ఉన్నారు. కాబట్టి, “మా పిల్ల ఒక్కతే ఇలా ఉంది” అని సిగ్గుపడి దాచవద్దు. పిల్ల, “నేను ఉండకపోతే బాగుండు” వంటి మాట అంటే దానిని కోపంలో అన్న మాటగా వదిలేయకుండా పక్కన కూర్చొని వినండి, అదే రోజు సహాయం అడగండి.

9. తల్లి కూడా కొత్త తరగతిలోనే ఉంది

తండ్రికి ఆఫీసు ఉంది, పిల్లకు బడి ఉంది. తల్లికి చిన్న ఇల్లు, రెండేళ్ళ పిల్లవాడు, చదవలేని కాగితాల కట్ట మిగిలాయి. ఇక్కడ స్త్రీల కూడిక, పక్కింటి వదిన, కూరగాయల అమ్మి ఉండేవారు. అక్కడ సాయంత్రం భర్త వచ్చేవరకు తెలుగు మాట వినబడదు. రెండు వారాలకు మించి నిద్ర పట్టకపోవడం, ఊరికే ఏడుపు రావడం, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, బిడ్డల మీద చేయి చేసుకోవడం కనబడితే అది విశ్వాసం తక్కువై వచ్చినది కాదు. వైద్యం ఉన్న జబ్బు. టోక్యోలో ఇంగ్లీషు మాట్లాడేవారి కోసం 1973లో ‘టెల్’ అనే ఫోన్ సహాయ సేవ మొదలైంది. ఇంగ్లీషు ఆరాధన ఉన్న సంఘాలు కూడా ఉన్నాయి. వెళ్ళిన మొదటి నెలలోనే ఒక సంఘాన్ని, ఒక స్నేహితురాలిని వెదుక్కోవాలి. బడి కాగితాలు చదవడం భర్త పంచుకోవాలి.

10. ఇక్కడ ఉన్న మనం ఏం చేయాలి?

జపాన్ మనకంటే మూడున్నర గంటలు ముందు ఉంటుంది. పిల్ల బడి నుండి వచ్చే మూడున్నరకు ఇక్కడ పన్నెండు గంటలు. ఆ వేళ అయిదు నిమిషాలు ఫోన్ చేయండి. “ఏం మార్కులు వచ్చాయి?” అనవద్దు. “ఈ రోజు ఎవరి పక్కన కూర్చున్నావు తల్లీ? ఏం తిన్నావు?” అని అడగండి. జవాబు రాకపోతే మీ ఇంటి కోడిపెట్ట కబురు మీరే చెప్పండి. కూతురినో కోడలినో, “నువ్వు తిన్నావా అమ్మా? నిద్ర పడుతోందా?” అని విడిగా అడగండి. మందుల సలహా మాత్రం డాక్టరుకు వదిలేయండి.

మన ఊళ్ళలో ఎందరో పెద్దవాళ్ళు తెల్లవారుజామున 4 గంటలకు లేచి ప్రార్థన చేసుకుంటారు. అక్కడ అప్పుడు సరిగ్గా ఏడున్నర. పిల్ల బూట్లు వేసుకొని గుమ్మం దాటే సమయం. రేపటి నుండి ఆ ప్రార్థనలో ఆ గుమ్మాన్ని తలచుకోండి. ఆ సంగతి పిల్లకు కూడా ఒకసారి చెప్పండి. తాను గడప దాటేటప్పుడు అమ్మమ్మ మోకాళ్ళ మీద ఉన్నదని తెలిసిన పిల్ల ఒంటరిగా నడవదు.

కుటుంబ ప్రార్థనలో చర్చించుకొనుటకు ప్రశ్నలు

1. మన ఇంట్లో పిల్ల నొప్పి అన్నప్పుడు మనం మొదట అనే మాట ఏది? దానిని మార్చుకోవాలా?
2. మన బడులలో టాయిలెట్‌కు వెళ్ళడానికి భయపడే పిల్లలు లేరా? మన పిల్లను ఎప్పుడైనా అడిగామా?
3. వేరే రాష్ట్రం నుండి పనికి వచ్చిన కుటుంబాల పిల్లలు మన వీధిలో ఉన్నారా? భాష రాని ఆ పిల్లతో మన పిల్లలు ఆడుకుంటున్నారా?
4. మన సంఘం నుండి విదేశం వెళ్ళిన తల్లులలో ఈ నెల ఎవరికి ఫోన్ చేద్దాం?

ప్రార్థనాంశములు

పరదేశంలో కొత్త తరగతికి వెళ్ళే పిల్లల కోసం, ఇంట్లో ఒంటరిగా ఉన్న తల్లుల కోసం, పని ఒత్తిడిలో ఉన్న తండ్రుల కోసం, భాష రాని పిల్లను చేరదీసే ఉపాధ్యాయుల కోసం ప్రార్థించండి.

ఈ సంవత్సరం విదేశం వెళ్ళబోయే కుటుంబాలు పిల్లల టీకాల కార్డులతో మన ఆస్పత్రి పిల్లల విభాగానికి కనీసం రెండు నెలల ముందు రావలసిందిగా కోరుచున్నాము. పసితనంలో పరదేశవాసం చేసిన ప్రభువు మీ పిల్లలకు తోడైయుండును గాక.